మానవశాస్త్ర పట్టా: విద్యారుణం, సంపాదన

ఏటా పరీక్షాఫలితాలు వెలువడే మాసాలలో, స్వస్థలం విడిచి వచ్చి నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒక చర్చ సాగుతుంది. ఇంజినీరింగు, నర్సింగు, బీకాం వంటి చదువుల విషయంలో ఆ చర్చ త్వరగానే ముగుస్తుంది. పిల్లలు మానవశాస్త్రం పేరెత్తినప్పుడు మాత్రం ఇంట్లో కొంతసేపు మౌనం ఆవరిస్తుంది. "అది చదివితే ఏ ఉద్యోగం వస్తుందమ్మా?" అని తండ్రి అడుగుతాడు. ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి తోడుగా అడగవలసిన మరొక ప్రశ్న ఉంది: ఆ చదువుకు ఎంత అప్పు చేయవలసి వస్తుంది, ఆ అప్పు తీర్చడం ఎప్పుడు మొదలవుతుంది?

మానవశాస్త్రంలో నాలుగు శాఖలున్నాయి. మనిషి శరీర పరిణామాన్ని పరిశీలించే జీవ మానవశాస్త్రం, కుటుంబం, కులం, తెగ, ఆచారం, జీవనోపాధులను అధ్యయనం చేసే సాంఘిక మానవశాస్త్రం, పురావస్తు శాఖ, భాషాశాఖ. పుస్తకాల చదువుతో పాటు క్షేత్రపరిశోధన ఇందులో ప్రధానం. విద్యార్థి ఒక గ్రామంలోనో, గూడెంలోనో, నగరపు బస్తీలోనో కొన్ని వారాలు నివసించి, అక్కడివారి జీవితాన్ని వారి మాటలలోనే గ్రంథస్థం చేయడం నేర్చుకుంటాడు.

తెలుగు నేలకు ఈ శాస్త్రం కొత్తది కాదు. ఆస్ట్రియా దేశీయుడైన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో హైదరాబాదు సంస్థానానికి వచ్చి నల్లమల చెంచుల మధ్య పని చేశాడు. ఆ పరిశోధన 1943లో గ్రంథరూపం దాల్చింది. కొమురం భీము మరణానంతరం ఆదిలాబాదు గోండుల పరిస్థితిని విచారించే బాధ్యతను నిజాము ప్రభుత్వం ఆయనకే అప్పగించింది. గోండులకు భూమి పట్టాలు లభించడంలోను, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఏర్పడడంలోను ఆయన కృషి ఉంది. ఆనాడైనా, ఈనాడైనా ఈ శాస్త్రజ్ఞులకు ఎక్కువగా పని కల్పిస్తున్నది ప్రభుత్వమే. ఈ విషయం సంపాదన లెక్కలో మళ్లీ అక్కరకు వస్తుంది.

పేరు తెచ్చినవారు, పట్టా పొందినవారు

ఇటీవలి కాలంలో తెలుగు ఇళ్లలో మానవశాస్త్రం మాట వినిపించడానికి ముఖ్య కారణం సివిల్ సర్వీసుల పరీక్ష. 2017 పరీక్షలో దేశంలో ప్రథమ స్థానం పొందిన దురిశెట్టి అనుదీప్ ఐచ్ఛిక విషయం మానవశాస్త్రమే. 2022లో తృతీయ స్థానం పొందిన ఉమాహారతి, 2023లో అదే స్థానం పొందిన దోనూరు అనన్యారెడ్డి కూడ ఆ విషయాన్నే ఎంచుకున్నారు. ఈ వార్తలు చూసిన తల్లిదండ్రులలో కొందరు, ఆ పట్టా ఉంటే కలెక్టరు పదవికి దారి దగ్గరవుతుందని భావిస్తున్నారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. అనుదీప్, ఉమాహారతి ఇంజినీరింగు పట్టభద్రులు. అనన్యారెడ్డి భూగోళశాస్త్ర పట్టభద్రురాలు. వీరిలో ఎవరికీ మానవశాస్త్రంలో పట్టా లేదు. ఐచ్ఛిక విషయానికి ఆ విషయంలోనే పట్టా ఉండాలన్న నియమం లేదు. ప్రధాన పరీక్షలో ర్యాంకుకు లెక్కించే 1750 మార్కులలో ఐచ్ఛిక విషయానికి కేటాయించినవి 500. తక్కిన మార్కులన్నీ ఇతర విషయాలవి. కాబట్టి కేవలం సివిల్ సర్వీసులను దృష్టిలో పెట్టుకొని అప్పు చేసి ఈ పట్టా చదవనవసరం లేదు. ఆ పాఠ్యప్రణాళికను ఏ పట్టభద్రుడైనా పుస్తకాలతోనే చదువుకొనవచ్చు. పట్టా చదవడానికి కారణం ఆ శాస్త్రం మీది ఆసక్తి, ఆ వృత్తి మీది ఇష్టం కావాలి.

జీతం ఎక్కడి నుండి వస్తుంది

వృత్తిగా స్వీకరించినవారికి తెరిచి ఉన్న మార్గాలలో స్పష్టమైనది పరిశోధన, బోధన. ఎం.ఎ. లేదా ఎం.ఎస్సీ. ముగించినవారు యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అర్హత పొంది పీహెచ్‌డీలో చేరితే, 2023 జనవరి నుండి అమలులో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు లభిస్తాయి. హాస్టలు వసతి లేనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. ఇది ఉద్యోగం కాదు, భృతి మాత్రమే. అయినా అప్పు తీర్చవలసిన తొలి సంవత్సరాలలో ఆ మొత్తం ఆదుకుంటుంది. విశ్వవిద్యాలయంలో సహాయాచార్యునిగా నియమితులైతే ఏడవ వేతన సవరణ ప్రకారం తొలి మూలవేతనం 57,700 రూపాయలు. చిక్కంతా నియామకాల దగ్గరనే ఉంది. మానవశాస్త్ర విభాగాలు దేశంలో తక్కువ. ఖాళీలు భర్తీ కావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా అతిథి అధ్యాపకులుగా గంటల లెక్కన పని చేసేవారే ఎక్కువ.

రెండవది ప్రభుత్వ పరిశోధన సంస్థలు. 1945లో స్థాపితమైన భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థకు కోల్‌కతాలో ప్రధాన కార్యాలయం, మైసూరులో దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. భువనేశ్వరం, పుణె, హైదరాబాదు, మైసూరు, ఉదకమండలాలలో రాష్ట్ర ప్రభుత్వాల గిరిజన పరిశోధన సంస్థలున్నాయి. వీటిలో శాశ్వత పదవులు కొద్ది. ప్రాజెక్టుల మీద నియమితులయ్యేవారు కొంత ఎక్కువ. వారికి ప్రాజెక్టుతో పాటే జీతమూ ముగుస్తుంది.

మూడవది స్వచ్ఛంద సంస్థలు, ప్రజారోగ్య పరిశోధనలు, భూసేకరణ జరిగే చోట సాంఘిక ప్రభావ అంచనాలు, మ్యూజియములు. 2013 భూసేకరణ చట్టం సాంఘిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసిన తరువాత ఇటువంటి పనికి ఒక స్థానం ఏర్పడింది. బెంగళూరు వంటి నగరాలలో సాఫ్ట్‌వేరు సంస్థలు తమ ఉత్పత్తులను జనం ఎలా వాడుతున్నారో తెలుసుకొనడానికి పరిశోధకులను నియమించుకొంటున్నాయి. ఇంటెల్ సంస్థ 1998లోనే జెనెవీవ్ బెల్ అనే మానవశాస్త్రజ్ఞురాలిని చేర్చుకొంది. ఈ ఉద్యోగాలకు పట్టా ఒక్కటే చాలదు. గణాంకాలు, సర్వే రూపకల్పన, స్పష్టమైన ఆంగ్ల రచన తెలిసి ఉండాలి.

ఇక్కడ వలస కుటుంబాల పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. బెంగళూరులో పెరిగిన తెలుగు అమ్మాయికి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, తమిళం, బడిలో హిందీ, ఆంగ్లం పలకడం అలవాటే. బరంపురంలో పెరిగిన అబ్బాయికి తెలుగు, ఒడియా రెండూ సొంత భాషలే. క్షేత్రపరిశోధనలో దుబాసీ అవసరం లేని పరిశోధకునికి విలువ ఎక్కువ. దరఖాస్తులో చాలామంది ఈ సంగతి వ్రాయనే వ్రాయరు.

అప్పు లెక్క

ఈ మార్గాలన్నింటిలోను సామాన్యంగా కనిపించే లక్షణం ఒకటి. సంపాదన ఆలస్యంగా కుదురుకొంటుంది. ఎం.ఎ. ముగిసేసరికి విద్యార్థికి 22, 23 ఏళ్లు. నెట్‌లో గట్టెక్కడానికి ఒకటి రెండేళ్లు, పీహెచ్‌డీకి అయిదేళ్లు పట్టవచ్చు. బ్యాంకు మాత్రం చదువు ముగిసిన తరువాత ఒక్క సంవత్సరమే ఆగుతుంది. ఆ మరుసటి నెల నుండి కిస్తీ మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకొనవచ్చు. మదనపల్లె నుండి వచ్చి బెంగళూరులో వడ్రంగం పనులు చేయించే తండ్రి, ఇంట్లో బట్టలు కుట్టే తల్లి, ఇద్దరు పిల్లలు. ఇద్దరి సంపాదన కలిసి ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు. పెద్దమ్మాయి పీయూసీ ముగించి మానవశాస్త్రం చదువుతానంటోంది. వడ్డీ నూటికి ఏడాదికి పది రూపాయలనుకుందాం. చదివేకాలంలోను, ఆపై ఒక సంవత్సరంపాటును బ్యాంకు మామూలు వడ్డీ మాత్రమే లెక్కిస్తుంది. ఆ వడ్డీ అసలుకు చేరిన తరువాత కిస్తీలు నిర్ణయమవుతాయి.

మొదటి మార్గం. ఇంటినుండే దగ్గరలోని ప్రభుత్వ కళాశాలలో బి.ఎ. చదివి, తరువాత ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. మానవశాస్త్రంలో చేరడం. చాలాచోట్ల ఎం.ఎ. ప్రవేశానికి ఏ విషయంలో పట్టా ఉన్నా చాలు. రుసుము, హాస్టలు, భోజనం, క్షేత్రపరిశోధన ఖర్చులకు ఏడాదికి 60,000 చొప్పున రెండేళ్లకు 1,20,000 అప్పు చేశారనుకుంటే, కిస్తీ మొదలయ్యేనాటికి అది 1,50,000 అవుతుంది. అయిదేళ్లలో తీర్చేందుకు నెలకు సుమారు 3,200 రూపాయలు.

రెండవ మార్గం. ఎం.ఎ. రెండేళ్లకు నాలుగు లక్షలు వ్యయమయ్యే సంస్థ. అప్పు అయిదు లక్షలకు చేరుతుంది. పదేళ్లకు నెలకు సుమారు 6,600. చివరికి చెల్లించే మొత్తం దాదాపు ఎనిమిది లక్షలు.

మూడవ మార్గం. ఏడాదికి మూడు లక్షల చొప్పున నాలుగేళ్ల ప్రైవేటు విశ్వవిద్యాలయపు బి.ఎ. పన్నెండు లక్షల అప్పు, కిస్తీ మొదలయ్యేనాటికి 16,20,000. పదిహేనేళ్లలో తీర్చేందుకు నెలకు సుమారు 17,400. చెల్లించే మొత్తం 31 లక్షలు దాటుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయికి తొలి ఉద్యోగంలో నెలకు 25,000 జీతం వచ్చిందనుకుందాం. మొదటి కిస్తీ జీతంలో ఎనిమిదో వంతు. రెండవది నాలుగో వంతు కంటె కాస్త ఎక్కువ. బరువే గాని మోయవచ్చు. మూడవది కట్టగా మిగిలేది 7,600. బెంగళూరులో గది అద్దెకే అది చాలదు. కిస్తీ తండ్రి మీద పడుతుంది, తరువాత చెల్లెలి చదువు మీద పడుతుంది. ఫెలోషిప్ వచ్చిందనుకున్నా, 37,000లో దాదాపు సగం బ్యాంకుకే పోతుంది. మూడు మార్గాలలోను శాస్త్రం అదే, అమ్మాయి కూడ ఆమే. మారినది అప్పు ఒక్కటే. కావున మానవశాస్త్రానికి జీతం తక్కువని భయపడేవారు, ఆ జీతంతో తీరని అప్పుకు మరింత భయపడాలి. కిస్తీ తొలి జీతంలో అయిదో వంతు మించకుండా చూసుకొంటే, ఉద్యోగం లేని కొన్ని నెలలు గడిచినా కుటుంబం నిలదొక్కుకొంటుంది.

ఈ లెక్కలోకి రాని ఖర్చు మరొకటి ఉంది. చదువుతున్న రెండేళ్లలో అమ్మాయి ఏదో ఒక దుకాణంలోనో కార్యాలయంలోనో నెలకు 15,000 సంపాదించగలిగేదనుకుంటే, ఇల్లు వదులుకొన్న రాబడి 3,60,000. అది మొదటి మార్గపు అప్పుకు మూడు రెట్లు. పెద్దబిడ్డ సంపాదన మీద ఆశ పెట్టుకొన్న ఇంట్లో ఈ సంగతి ముందే మాట్లాడుకొనడం మేలు. అటువంటివారికి ఇగ్నో దూరవిద్యలో ఎం.ఎ. మానవశాస్త్రం ఉంది. ఉద్యోగం చేస్తూ చదువుకొనవచ్చు.

బ్యాంకు చుట్టూ తిరగలేక చీటీ పాడడమో, తెలిసినవారి దగ్గర తెచ్చుకొనడమో వలస కుటుంబాలలో పరిపాటి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు పది శాతం అంటే నూటికి నెలకు 83 పైసలు. లక్షా ఇరవై వేలకు రెండు రూపాయల లెక్కన నెలకు వడ్డీయే 2,400, అసలు కదలదు. బ్యాంకుకు దానిపై మరో 800 కలిపి కడితే అయిదేళ్లకు అప్పే తీరిపోతుంది.

బ్యాంకు నియమాలు, వడ్డీ రాయితీలు

బ్యాంకుల ఆదర్శ విద్యారుణ పథకం ప్రకారం నాలుగు లక్షల వరకు తాకట్టు గాని, మూడవ వ్యక్తి హామీ గాని అవసరం లేదు. తల్లి లేదా తండ్రి సహరుణగ్రహీతగా సంతకం చేయాలి. నాలుగు నుండి ఏడున్నర లక్షల వరకు మూడవ వ్యక్తి హామీ, ఆపైన ఆస్తి తాకట్టు అడుగుతారు. ఏడున్నర లక్షలు దాటడమంటే సాధారణంగా ఊరిలోని ఇంటి పత్రాలో, ఇక్కడ కొన్న స్థలం పత్రాలో బ్యాంకుకు చేరడం. సంతకం చేసినవారి రుణచరిత్ర కూడ ఈ అప్పుతో ముడిపడి ఉంటుంది. కిస్తీ తప్పితే రేపు తండ్రికి వ్యాపార రుణం దొరకడం కష్టమవుతుంది.

వడ్డీ రాయితీల విషయంలో పొరపాటు పడేవారు ఎక్కువ. వార్షికాదాయం నాలుగున్నర లక్షల లోపున్న కుటుంబాలకు చదివేకాలపు వడ్డీ మొత్తం కేంద్రం భరించే పథకం ఉన్నమాట నిజమే. అది వృత్తివిద్య, సాంకేతిక విద్యలకు మాత్రమే. ఎం.ఎ. మానవశాస్త్రం సాధారణంగా ఆ కోవలోకి రాదు. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో ప్రవేశం పొందినవారికి హామీ, తాకట్టు లేకుండా రుణం లభిస్తుంది. వార్షికాదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే పది లక్షల వరకు రుణం మీద చదివేకాలపు వడ్డీలో మూడు శాతం రాయితీ. ఇది ఏటా లక్షమందికే పరిమితం. ప్రభుత్వ సంస్థలలో చేరినవారికి, వృత్తివిద్యల వారికి ప్రాధాన్యం. కాబట్టి చేరబోయే సంస్థ పేరు ఆ జాబితాలో ఉన్నదో లేదో ముందుగా చూసుకొనాలి. రాయితీ వస్తుందనే ఆశతో అప్పు పెంచుకొనరాదు. ఉద్యోగంలో చేరిన తరువాత చెల్లించే వడ్డీకి ఆదాయపు పన్ను చట్టం క్రింద ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉండేది పాత పన్ను విధానం ఎంచుకొన్నవారికే.

ఏ రాష్ట్రపు విద్యార్థి?

వలస కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఇది. మైసూరు, ధార్వాడ, చెన్నై, పుణె, భువనేశ్వరం, పుదుచ్చేరి విశ్వవిద్యాలయాలలోను, తెలుగు రాష్ట్రాలలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, తిరుపతి శ్రీవేంకటేశ్వర, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాలలోను మానవశాస్త్ర విభాగాలున్నాయి. తెలుగువారమే కదా అని విశాఖకో తిరుపతికో దరఖాస్తు చేసినప్పుడు, బయట చదివిన పిల్లలను స్థానికేతరులుగా పరిగణిస్తారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించే పద్ధతి 1974 రాష్ట్రపతి ఉత్తర్వు నుండి వస్తున్నది. హైదరాబాదు, పుదుచ్చేరి వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో సీయూఈటీ ద్వారా దేశమంతటికీ ఒకే పోటీ. వాటి రుసుములూ అందుబాటులో ఉంటాయి. మొదటి మార్గానికి ఇవే తగినవి.

కుల ధ్రువపత్రం విషయం ఇంకా సున్నితమైనది. ఆంధ్రప్రదేశ్ నుండి బొంబాయికి వలస వెళ్లిన ఒక తెలుగు విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, షెడ్యూల్డు కుల, తెగల గుర్తింపు ఆయా రాష్ట్రానికి సంబంధించినదని, వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ రిజర్వేషను అడగడానికి వీలులేదని తీర్పు చెప్పింది. అయితే కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థలలో స్వరాష్ట్రపు ధ్రువపత్రం చెల్లుతుంది. తండ్రి పేర ఊరిలో తీసుకొన్న పాత ధ్రువపత్రాన్ని, నివాస పత్రాలను సీటు వచ్చిన తరువాత కాక, పన్నెండో తరగతి చదివేనాటికే సిద్ధం చేసుకొంటే పరుగులు తప్పుతాయి. వీటి మీదనే ఆధారపడిన ఉపకారవేతనాలు అప్పును సగానికి తగ్గించగలవు.

విదేశీ విద్య గురించి కొంచెం. అమెరికాలో ఇంజినీరింగు ఎం.ఎస్. చేసినవారు అక్కడ మూడేళ్లవరకు పనిచేసి అప్పు తీర్చుకొంటారు. చదువు తరువాత అనుమతించే ఒక సంవత్సరపు పనికాలానికి సాంకేతిక విద్యలవారికి మరో రెండేళ్లు కలవడమే దానికి కారణం. సాధారణ మానవశాస్త్రం ఆ జాబితాలో లేదు. అందువలన సొంత ఖర్చుతో ఎం.ఎ.కు అక్కడికి వెళ్లడం ఇంటిని తాకట్టు పెట్టదగిన పని కాదు. భృతితో కూడిన పీహెచ్‌డీలో ప్రవేశం లభిస్తే ఆ సంగతి వేరు.

సీటు ఖాయం చేసుకొనేముందు విభాగానికి వెళ్లి రెండు విషయాలు తెలుసుకొనాలి. గత మూడు సంవత్సరాలలో ఎం.ఎ. ముగించినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, వారిలో ఫెలోషిప్ పొందినవారు ఎందరు? విభాగాలు చిన్నవి, అధ్యాపకులకు విద్యార్థులు పేరు పేరునా తెలుసు. సమాధానం చెప్పడానికి తడబడితే అదీ ఒక సమాధానమే.

మరొకటి, క్షేత్రపరిశోధన ఖర్చు. ప్రయాణం, గ్రామంలో వసతి, భోజనం, రికార్డింగు పరికరాలకు అయ్యే మొత్తం రుసుముల పట్టికలో ఉండదు. రెండవ ఏడాది మధ్యలో అది హఠాత్తుగా ఎదురై, చాలామంది అక్కడే చేబదులుకు, రెండు రూపాయల వడ్డీకి దిగుతారు. అధ్యయన యాత్రలు, ప్రాజెక్టు పనుల ఖర్చులను విద్యారుణంలో చేర్చడానికి బ్యాంకు నియమాలు అనుమతిస్తాయి. మంజూరు అయిన తరువాత మొత్తం పెంచడం కష్టం. కాబట్టి ఆ ఖర్చు అంచనాను విభాగాధిపతి సంతకంతో వ్రాయించుకొని, మొదటి దరఖాస్తుతోనే బ్యాంకుకు జతపరచాలి.